నాలుగో ఫ్లోరు, ఒక జిరాక్సు కాగితం

పదకొండేళ్లలో ఐదు అద్దె ఇళ్లు మారాం. ఐదో ఓనరు "మా అబ్బాయి పెళ్లి కుదిరిందమ్మా, ఖాళీ చెయ్యాలి" అన్న రాత్రే, ఇక సామాన్లు సర్దేది సొంతింటికే అని మా ఆయనా నేనూ తేల్చేసుకున్నాం.

కొత్త ఫ్లాట్లు మా బడ్జెట్‌కి అందలేదు. పైగా కట్టుబడిలో ఉన్నవాటికి 5 శాతం జీఎస్టీ. అలా తిరిగి తిరిగి, హైదరాబాద్ నిజాంపేటలో 2009లో కట్టిన అపార్ట్‌మెంట్లో నాలుగో ఫ్లోరు, 1,120 ఎస్‌ఎఫ్‌టీ ఫ్లాటు 58 లక్షలకు మాట్లాడుకున్నాం. వంటింటి కిటికీలోంచి చెయ్యి చాస్తే వేపకొమ్మ అందేది. మా ఆయన తూర్పు గుమ్మం చూశారు, నేను మాత్రం ఆ కొమ్మకే పడిపోయాను.

రెండు లక్షలు అడ్వాన్సిచ్చి, 60 రోజుల గడువుతో అగ్రిమెంటు రాసుకున్నాం. ఈసీ, అంటే ఫ్లాటు మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు చూపే సర్టిఫికెట్టు, శుభ్రంగా ఉంది, అమ్మేవాళ్ల సేల్ డీడ్ ఉంది. ఇంకేం కావాలి అనుకున్నాం. బ్యాంకు లాయరు ఫైలంతా తిరగేసి ఒక్కటే అడిగారు. "సప్లిమెంటరీ ఏదమ్మా?"

ఆ పేరే వినలేదు నేను. స్థలం ఓనర్లూ బిల్డరూ కలిసి డెవలప్‌మెంట్ అగ్రిమెంటు రాసుకుంటారు కదా, ఆ తర్వాత ఏ ఫ్లాటు ఎవరి వాటాకో పంచుకుని రాసుకునే కాగితమట అది. మా 402 బిల్డరు వాటాలోదే అని అందులో ఉంటేనే, దాన్ని మా అమ్మేవాళ్లకి అమ్మే హక్కు బిల్డరుకుందని తేలేది.

డెవలప్‌మెంట్ అగ్రిమెంటు సర్టిఫైడ్ కాపీ సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో దొరికింది. సప్లిమెంటరీ మాత్రం ఉత్త నోటరీ కాగితం. రిజిస్టరే కానిదానికి సర్టిఫైడ్ కాపీ ఎక్కణ్ణుంచి వస్తుంది? అమ్మేవాళ్ల దగ్గర లేదు. బిల్డరు ఫోనెత్తడు. గడువింకా 19 రోజులే. అడ్వాన్సు పోతుందేమోనని టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు.

వాచ్‌మన్ చెప్పాడు: "201 సార్‌ని అడగండి మేడం, ఆయన చీటీ ముక్క కూడా పారెయ్యరు."

పెద్దాయన బీరువా పై అరలోంచి ప్లాస్టిక్ సంచి దించారు. పాత పెళ్లి కార్డులు, ఎల్‌ఐసీ రసీదులు, అన్నిటికీ అడుగున ఆ కాగితాల జిరాక్సు. మడతల దగ్గర చిరిగితే సెల్లోటేపు వేసి ఉంది. రెండో పేజీలో పట్టిక. ఎడమవైపు ఓనర్ల ఫ్లాట్లు, కుడివైపు బిల్డరువి. కుడివైపు కింద నుంచి మూడో వరసలో 402. వేలుపెట్టి రెండుసార్లు చదువుకున్నాను. "కాపీ తీసుకుని ఇస్తాను అంకుల్" అంటే, "నేనూ వస్తా పదమ్మా" అని చెప్పులేసుకుని జిరాక్సు షాపు దాకా నా వెనకే వచ్చారు!

ఆ జిరాక్సుకి తోడు అమ్మేవాళ్ల అఫిడవిట్ పెట్టించుకుని లాయరు ఒప్పుకున్నారు.

ఆ తర్వాత డబ్బు కష్టాలు. బ్యాంకు ఇంజినీరు ఫ్లాటు విలువ 54 లక్షలే అని రాశాడు. అందులో 80 శాతం, అంటే 43 లక్షల 20 వేలు లోన్ వచ్చింది. మేం లెక్కేసుకున్నది 58లో 80 శాతం. మూడు లక్షల పైచిలుకు తేడా. రిజిస్ట్రేషన్ ఖర్చు 7.5 శాతం, 4 లక్షల 35 వేలు, అదీ చేతి నుంచే. నా గాజులు గోల్డ్ లోన్‌కి వెళ్లాయి.

50 లక్షలు, ఆపైన ధరైతే కొనేవాళ్లే 1 శాతం టీడీఎస్ పట్టుకుని అమ్మేవాళ్ల పాన్ మీద కట్టాలి. "మా డబ్బు మీరు కోసుకోవడమేంటండీ" అని వాళ్లు చిన్నబుచ్చుకున్నారు. అది మీ పన్ను లెక్కలోకే వస్తుందని నచ్చజెప్పడానికి ఒక సాయంత్రం, మూడు టీలు అయ్యాయి. వాళ్ల పాన్ ఆధార్‌తో లింకయిందో లేదో కూడా అప్పుడే చూసుకున్నాం. లింకు లేక పాన్ పనిచెయ్యకపోతే 1 శాతం కాస్తా 20 అవుతుంది.

రిజిస్ట్రేషన్ రోజు గురించి చెప్పడానికేం లేదు. స్లాటు పదకొండుకి, సర్వర్ వచ్చింది రెండింటికి. ఫొటో, వేలిముద్రలు, సాక్షుల సంతకాలు, డీడీ అందజెయ్యడం అన్నీ కలిపి అరగంట పట్టలేదు.

గృహప్రవేశానికి వారం ముందు పాలపొయ్యి ఎక్కడ పెట్టాలో చూద్దామని వెళ్తే వంటిల్లు కొత్తగా, వెలుతురుగా కనిపించింది. కోతులొస్తున్నాయని వేపకొమ్మ కొట్టించేశారట. కొట్టించింది ఎవరని వాచ్‌మన్‌ని అడిగాను.

"201 సారే మేడం. అసోసియేషన్ సెక్రటరీ కదా."