ఇదేంటక్కా, మునగట్లేదు?

ఆదివారం.

ఆలస్యంగా లేచాను. ఉతికిన బట్టలు మడతపెట్టి, వారంగా వాయిదా వేస్తున్న రెండు ఫోన్లు చేసి, మధ్యాహ్నం చెల్లితో కూర్చుని ‘సైకో’ చూశాను. ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ తీసిన ఈ 1960 నాటి నలుపు తెలుపు సినిమా నేను ఇదివరకు చూసిందే. చెల్లి చూడలేదు. షవర్ కింద ఒక హత్య జరుగుతుందని మాత్రం దానికి తెలుసు, సినిమా చూడనివాళ్లకు కూడా తెలిసిన సంగతే అది. అందుకే ఆ సీను దగ్గరపడేసరికి దిండు ఒళ్లోకి లాక్కుని గట్టిగా పట్టుకుంది. ఉలిక్కిపడింది, అయిపోయింది, ఊపిరి పీల్చుకుంది. నేను మాత్రం ఆ తర్వాత వచ్చే ఘట్టం కోసం ఎదురుచూస్తున్నాను.

మోటల్ నడిపే కుర్రాడు నార్మన్ బేట్స్ గదిలోకి పరుగెత్తుకొచ్చి శవాన్ని చూస్తాడు. తల్లే ఈ పని చేసిందని అతని కేకల్ని బట్టి మనకు అర్థమవుతుంది. తర్వాత చాలాసేపు మాటల్లేవు. చేతులకంటిన రక్తం కడుక్కుంటాడు. బాత్రూమంతా ఓపిగ్గా తుడుస్తాడు. శవాన్ని షవర్ కర్టెన్‌లో చుట్టి కారు డిక్కీలో పెడతాడు. గదిని చివరిసారి కలయజూస్తే మంచం దగ్గర ఒక న్యూస్‌పేపర్ మిగిలి ఉంటుంది, దాన్నీ తీసుకెళ్లి డిక్కీలో పడేస్తాడు. ఆ పేపరు మడతలో 40 వేల డాలర్లున్నాయని మనకు తెలుసు, అతనికి తెలియదు. "అయ్యో, డబ్బు!" అంది చెల్లి. కారును బురదమడుగులోకి తోసి, నోట్లో ఏదో నములుతూ గట్టున నిలబడతాడు. కారు మెల్లగా దిగబడుతుంది. పైకప్పు ఇంకా కనబడుతుండగానే ఆగిపోతుంది.

"ఇదేంటక్కా, మునగట్లేదు?"

దాని గొంతులో నిజంగానే కంగారు. నార్మన్ నమలడం ఆపేసి అటూ ఇటూ చూస్తాడు. అంతలో కారు కదిలి, పూర్తిగా మునిగిపోతుంది. చెల్లి దిండు వదిలేసింది. నేను సినిమా ఆపి, "ఇందాక చచ్చిపోయిన అమ్మాయి ఆ డిక్కీలోనే ఉంది, గుర్తుందా?" అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "నేనేంటక్కా, అలా అనుకున్నాను" అంది చివరికి.

ఈ సినిమా గురించి అందరూ షవర్ సీనే చెబుతారు. నా దృష్టిలో దీని గొప్పతనమంతా ఆ కారు ఆగిన రెండు మూడు క్షణాల్లో ఉంది. ఒక హత్యను కప్పిపుచ్చడానికి మనం మనసులోనే చెయ్యి వేశాం. ఎవరూ బలవంతం చేయలేదు. మనల్ని అక్కడిదాకా నడిపించడానికి తెర వెనక ఎంత పని జరిగిందో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఆ పని నటుణ్ణి ఎంచుకోవడం దగ్గరే మొదలైంది. రాబర్ట్ బ్లాక్ 1959లో రాసిన నవల దీనికి ఆధారం. అందులో నార్మన్ నలభై ఏళ్ల లావుపాటి మనిషి, తాగుతాడు. అలాంటివాడు గట్టున నిలబడి ఉంటే కారు మునగాలని మా చెల్లి కోరుకునేదా? స్క్రీన్‌ప్లే రాసిన జోసెఫ్ స్టెఫానో, హిచ్‌కాక్ కలిసి అతన్ని సిగ్గరి కుర్రాడిగా మార్చేశారు. చూడముచ్చటగా ఉండి, మాట తడబడే ఆంథొనీ పెర్కిన్స్‌ని తీసుకున్నారు. ఇంకో మార్పు ఇంతకన్నా పెద్దది. నవల నార్మన్‌తో మొదలవుతుంది, సినిమా షవర్ కింద చచ్చిపోయే ఆ అమ్మాయి, మేరియన్‌తో మొదలవుతుంది. బ్యాంకులో వేయమని ఇచ్చిన డబ్బుతో ఆమె పారిపోతుంది, మనమూ ఆ కారులో కూర్చుంటాం. నల్లకళ్లద్దాల పోలీసు అద్దం మీద తడితే మన గుండే జారుతుంది. ఆ వేషం వేసిన జానెట్ లీ అప్పటికే పేరున్న తార, కాబట్టి కథ ఈమెదే అనుకుంటాం. డబ్బు తిరిగి ఇచ్చేద్దామని ఆమె మనసు మార్చుకుని, తేలికపడి, స్నానానికి వెళ్లిందో లేదో చంపేస్తారు, అదీ సినిమా సగం కూడా కాకముందే. ఇక మనకు పట్టుకోవడానికి ఎవరున్నారు? బకెట్ పట్టుకుని వణుకుతున్న ఆ కుర్రాడు తప్ప.

కెమెరా కూడా ఇదే పని చేసింది. మనిషి చూపుకు దగ్గరగా ఉంటుందని సినిమాలో చాలా భాగం 50 ఎం.ఎం. లెన్స్‌తో తీశారు. నార్మన్ గోడ మీది బొమ్మ తీసి, కన్నంలోంచి పక్కగదిలోకి చూసే షాట్ ఒకటుంది. ముందు అతని కన్ను, ఆ వెంటనే ఆ కన్ను చూసేది మనకు చూపిస్తారు. అతనిది తప్పని మనకు తెలుసు. అయినా మనం కళ్లు తిప్పుకోం.

చెల్లి స్నేహితురాలి ఇంటికి వెళ్లాక షవర్ సీను మళ్లీ పెట్టుకుని, ఈసారి మ్యూట్ చేసి చూశాను. చెయ్యి, నీళ్లు, కర్టెన్, తెరిచిన నోరు, పాదాలు, జాలీ వైపు తిరుగుతూ పోయే నీళ్లు. అన్నీ విడివిడి ముక్కలు. కత్తి మొన పొట్టకు ఆనినట్టనిపించే ఒక్క క్షణం తప్ప, అది ఒంట్లో దిగడం ఎక్కడా కనబడదు. ముప్పావు నిమిషం సీనుకు 78 కెమెరా సెటప్‌లు (అంటే కెమెరాను అన్నిసార్లు కొత్తగా అమర్చారన్నమాట), 52 కట్‌లు అని లెక్క చెబుతారు. ఆ లెక్కనే పేరుగా పెట్టుకుని 2017లో ఒక డాక్యుమెంటరీ కూడా వచ్చింది. 1959 డిసెంబరులో దాదాపు వారం రోజులు ఈ ఒక్క సీనే తీశారు. రక్తానికి చాక్లెట్ సిరప్ వాడారు, నలుపు తెలుపులో అదే చక్కగా కనబడింది. కత్తిపోటు చప్పుడు కోసం ఖర్బూజా జాతి పండును పొడిచి రికార్డు చేశారు. తెలిశాక కూడా ఆ చప్పుడు వింటే పండు గుర్తుకు రాదు, అదే విచిత్రం.

తర్వాత శబ్దం పెట్టాను. సోఫాలో వెనక్కి జరిగాను, నాకు తెలియకుండానే. ఈ సీనుకు అసలు సంగీతమే వద్దని హిచ్‌కాక్ మొదట అనుకున్నాడు. నీళ్ల చప్పుడు, అరుపు చాలనుకున్నాడు. సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ ఊరుకోలేదు, తనంతట తానే బాణీ కట్టి వినిపించాడు. విన్నాక దర్శకుడు తన మాట వెనక్కి తీసుకున్నాడు. సినిమా మొత్తం తీగవాద్యాలే, వేరే వాయిద్యం ఒక్కటి లేదు. నలుపు తెలుపు బొమ్మకు నలుపు తెలుపు శబ్దం కావాలన్నది హెర్మన్ ఆలోచన. మిగతా చోట్ల వయొలిన్లకు మ్యూట్ బిగించి గొంతు నొక్కిపెట్టి, హత్య దగ్గర మాత్రం వదిలేశాడు. అందుకే అక్కడ అవి మనిషిలా కీచుమంటాయి. అంత చేసిన హెర్మన్‌కు ఆ ఏడాది ఆస్కార్ నామినేషన్ కూడా రాలేదు. దర్శకత్వం, సహాయ నటి, ఛాయాగ్రహణం, కళా దర్శకత్వం, ఈ నాలుగింటికీ నామినేషన్లు వచ్చాయి గాని ఒక్కటీ గెలవలేదు.

డబ్బు సంగతి చెప్పుకోవాలంటే, సినిమాను విడుదల చేయాల్సిన పారామౌంట్ సంస్థవాళ్లకు ఈ కథ అసలు రుచించలేదు. హిచ్‌కాక్ సొంత డబ్బు పెట్టాడు. తన టీవీ సీరియల్‌కు పనిచేసే యూనిట్‌లో చాలామందినే తీసుకుని, యూనివర్సల్ స్టూడియోలో, సుమారు 8 లక్షల డాలర్లలో ముగించాడు. రెమ్యూనరేషన్ వదులుకుని సినిమాలో 60 శాతం వాటా అడిగాడు. పారామౌంట్ సంతోషంగా ఒప్పుకుంది, ఇది ఆడదని వాళ్ల నమ్మకం మరి. ఆ వాటాతోనే ఆయన కోట్లు గడించాడు.

విడుదల చేసిన తీరు నాకు సినిమా తీసినంత గొప్పగా అనిపిస్తుంది. ఆ రోజుల్లో అమెరికాలో జనం ఎప్పుడు పడితే అప్పుడు హాల్లోకి వెళ్లేవాళ్లు. మధ్యలో కూర్చుని, తర్వాతి ఆటలో మొదటి భాగం చూసుకుని లేచిపోయేవాళ్లు. 1960 జూన్‌లో న్యూయార్క్‌లో ‘సైకో’ మొదలైనప్పుడు, ఆట మొదలయ్యాక ఎవర్నీ లోపలికి పంపొద్దని హిచ్‌కాక్ షరతు పెట్టాడు. హాళ్లవాళ్లు భయపడ్డారు. తీరా చూస్తే బయట బారులు తీరిన క్యూలే సినిమాకు ప్రచారమయ్యాయి. ముగింపు ఎవరికీ చెప్పొద్దని ప్రేక్షకులను కోరాడు. (అందులోని అసలు రహస్యం నేనూ ఇక్కడ రాయడం లేదు. చూడనివాళ్లు ఇంకా ఉంటారు.) విమర్శకులకు ముందస్తు షోలు కూడా వేయలేదు, జనంతో పాటే చూడమన్నాడు. వాళ్లకు కోపం వచ్చింది. లండన్‌లో ‘అబ్జర్వర్’ పత్రికకు ఏళ్ల తరబడి రాసిన సి.ఎ. లెజూన్ సినిమా పూర్తికాకుండానే లేచి వెళ్లిపోయింది. ‘న్యూయార్క్ టైమ్స్’ విమర్శకుడు బాస్లీ క్రౌథర్ మొదట అంతంతమాత్రంగా రాసి, ఏడాది చివర్లో తన పది ఉత్తమ చిత్రాల్లో దీన్ని చేర్చాడు. మనసు మార్చుకున్నానని అచ్చులో ఒప్పుకున్నట్టే కదా అది. ఆయన మీద గౌరవం కలిగింది.

ఇక్కడే నా మనసు ఇంకో సినిమా మీదికి పోతుంది. సరిగ్గా అదే ఏడాది, రెండు నెలల ముందు, ఇంగ్లండ్‌లో మైఖేల్ పావెల్ తీసిన ‘పీపింగ్ టామ్’ వచ్చింది. ఆయనా చిన్నవాడు కాదు, ‘ద రెడ్ షూస్’ తీసినవాడు. ఇందులో నాయకుడు కెమెరా స్టాండు కాలికి కత్తి అమర్చుకుని ఆడవాళ్లను చంపుతూ, వాళ్ల ముఖంలో భయాన్ని చిత్రీకరిస్తాడు. వాడూ సిగ్గరి కుర్రాడే, చూస్తే జాలి కలుగుతుంది. చిన్నప్పుడు తండ్రి వాణ్ణి భయపెట్టి, ఆ భయాన్ని ఫిల్ము మీద నమోదు చేసి ప్రయోగాలు చేశాడు. ఆ తండ్రి పాత్ర పావెల్ తానే వేశాడు, పిల్లాడి పాత్ర సొంత కొడుకుతో వేయించాడు. ఇంతకన్నా నిజాయితీగా ‘చూడటంలో నాకూ పాపం ఉంది’ అని చెప్పిన దర్శకుడు నాకు తెలిసి లేడు.

విమర్శకులు ఆయన్ను చీల్చి చెండాడారు. ఆ సినిమాను మురుగులో పారేయాలన్న ధోరణిలో రాసినవాళ్లున్నారు. కొద్ది రోజుల్లోనే హాళ్లలోంచి తీసేశారు. బ్రిటన్‌లో పావెల్ సినీ జీవితం ఆ దెబ్బకు మళ్లీ కోలుకోలేదు.

ఒకే ఏడాది రెండు సినిమాలు మనల్ని హంతకుడి పక్కన కూర్చోబెట్టాయి. ఒకాయన కోటీశ్వరుడయ్యాడు, ఇంకొకాయనకు పని లేకుండా పోయింది. ఎందుకిలా? సాయంత్రమంతా ఇదే ఆలోచించాను. హిచ్‌కాక్ మనతో తప్పు చేయించి, చివర్లో ఒక డాక్టరు చేత అంతా విడమరిచి చెప్పించి, మనల్ని హాయిగా ఇంటికి పంపించాడు. కారు మునగాలని కోరుకున్న సంగతి మర్చిపోయే వీలిచ్చాడు. పావెల్ ఆ వీలివ్వలేదు. మొదటి షాట్ నుంచే కెమెరాను మన కంటికి ఆనించి, చూస్తున్నది నువ్వేనని గుర్తుచేస్తూనే ఉన్నాడు. రోజూ సినిమాలు చూడటమే వృత్తిగా ఉన్న విమర్శకులకు అది అందరికన్నా ఎక్కువ తగిలి ఉంటుంది.

ఆ డాక్టరు సీను నాకు ఎప్పుడూ నచ్చలేదు, ఇవాళా నచ్చలేదు. అయితే దాని తర్వాత హిచ్‌కాక్ ఇంకో రెండు షాట్లు పెట్టాడు. దుప్పటి కప్పుకుని ఒంటరిగా కూర్చున్న నార్మన్ మన కళ్లలోకి చూసి నవ్వుతాడు, ఆ వెంటనే మడుగులోంచి కారు గొలుసుతో పైకి వస్తుంది. డాక్టరు చెప్పిందాంతో తృప్తిపడొద్దని ఆయన కూడా అనుకున్నాడన్నమాట.

పావెల్ సినిమాను అమెరికన్ దర్శకుడు మార్టిన్ స్కోర్సేసీ పూనుకుని 1979లో అమెరికాలో మళ్లీ విడుదలయ్యేలా చూశాడు. అప్పటికి పావెల్ బతికే ఉన్నాడు, తన సినిమాను జనం మెచ్చుకోవడం కళ్లారా చూశాడు. ఆ ఒక్క విషయం లేకపోతే ఈ కథ నాకు తలుచుకోబుద్ధి అయ్యేది కాదు.

రాత్రి చెల్లి తిరిగొచ్చాక ఇదంతా చెప్పాను. వచ్చే వారం అదే చూద్దామంది. "అందులో కూడా నాకు వాడి మీద జాలేస్తుందా అక్కా?" అని అడిగింది. వేస్తుందన్నాను.