బీపీ పేషెంటుకి ఉప్పు అడిగినందుకు

అమ్మ నిన్ననే డిశ్చార్జ్ అయింది. నా కోపం ఇంకా చల్లారలేదు.

మాట తడబడుతూ, నన్నే "ఎవరబ్బాయివి నువ్వు?" అని అడిగేసరికి పక్షవాతమేమోనని గుంటూరులో ఓ ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లాం. స్కాన్‌లో ఏమీ లేదు. రక్తంలో సోడియం, అంటే మనం తినే ఉప్పులో ఉండేదే, మాత్రం 112. ఉండాల్సింది 135 నుంచి 145. రోజూ వేసుకునే బీపీ మాత్రలో హైడ్రోక్లోరోథయజైడ్ ఉందట, పెద్దవయసులో అది సోడియాన్ని పడగొడుతుందట. ఆపేశారు.

ఐసీయూలో ఇబ్బంది పడలేదు. 3 శాతం సెలైన్ కొద్దికొద్దిగా ఎక్కిస్తూ, మధ్యమధ్యలో రక్తం తీసి చూశారు. "త్వరగా పెంచొచ్చుగా" అని మా బావగారు ఎగిరితే, రోజుకి 8, 10కి మించి పెరిగితే మెదడులో నరాల మీది పొర దెబ్బతింటుందని డాక్టరుగారు ఓపిగ్గా చెప్పారు. పొటాషియం కూడా తక్కువే. దానికిచ్చిన సిరప్‌ని అమ్మ తిట్టుకుంటూ తాగింది.

వార్డుకొచ్చాక మొదలైంది. క్యాంటీన్ ట్రేలో పప్పు చప్పన, కూర చప్పన, ఆఖరికి మజ్జిగా చప్పనే. ఫైలు మీద బీపీ అని ఉంది కాబట్టి ఉప్పు లేని భోజనమట! అక్కడ చేతికి ఉప్పునీళ్లు ఎక్కించారు, ఇక్కడ నాలుక్కి ఉప్పు తగలనివ్వరు. అసలే తిండి లేక నీరసించిన మనిషి, రెండు ముద్దలు తిని కంచం తోసేసింది.

సిస్టర్‌ని అడిగితే డైటీషియన్‌కి చెప్పమంది. ఆవిడేమో వార్డంతా వినేలా, "చదువుకున్నవాళ్లేనా మీరు? బీపీ పేషెంటుకి ఉప్పు అడుగుతారా?" అంది. పక్క మంచాలవాళ్లంతా నావైపే చూశారు. రిపోర్టు చూపించబోతే, "అవి డాక్టర్లు చూసుకుంటారు" అని వెళ్లిపోయింది. ఏళ్ల తరబడి లెక్కలు చెబుతున్న మాస్టార్ని, 112కీ 135కీ తేడా నాకు తెలీదా? ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు రౌండ్స్‌కొచ్చిన పెద్ద డాక్టరుగారికి ట్రే చూపించా. "ఈవిడకి ఉప్పెవరు ఆపమన్నారు?" అని, మామూలు ఉప్పుతో భోజనం, రోజుకి లీటరుకి మించకుండా నీళ్లు అని చార్టులో రాశారు. మధ్యాహ్నమే ట్రే మారింది. ఆవిడ మళ్లీ మా మంచం వైపు రాలేదు.

కాబట్టి డైటీషియన్‌తో వాదించకండి, డాక్టరు చేత చార్టులో రాయించండి. కొబ్బరిబొండాలు మోసుకొచ్చే చుట్టాల్ని గేటు దగ్గరే ఆపండి. వాటిలో పొటాషియమే గానీ సోడియం కొంచెమే, పైగా నీళ్ల లెక్క తప్పుతుంది.

ఇంటికొచ్చేనాటికి సోడియం 133. బీపీ మాత్ర మార్చారు, వారంలో మళ్లీ పరీక్ష చేయించాలి. బిల్లులో డైట్ కౌన్సెలింగ్ అని ఛార్జి వేశారు. అది కొట్టేసేదాకా కౌంటర్ దగ్గర్నుంచి కదల్లేదు నేను.