ఇన్సులిన్ పేరెత్తితే అంత భయమెందుకు?

"ఇన్సులిన్ ఒకసారి మొదలుపెడితే ఇక జీవితాంతం వదలదంట కదా డాక్టరుగారూ?" ఓపీలో దాదాపు రోజూ వింటాను ఈ మాట. పేషెంట్ నోరు తెరిచేలోపే పక్కనున్న కొడుకో కోడలో అడిగేస్తారు, ఆ టెన్షన్ చూస్తే ఇక చివరి దశకు వచ్చేశామని అనుకుంటున్నారని అర్థమైపోతుంది.

చాలామంది ఆపేస్తారండీ. ఆపరేషన్ కోసమో, పెద్ద ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడో, కడుపుతో ఉన్నప్పుడో మొదలుపెట్టి, ఆ అవసరం తీరాక మానేసినవాళ్లు నా దగ్గరే ఎంతోమంది ఉన్నారు. ఇరవై ఏళ్లుగా షుగర్ ఉన్నవాళ్లలో కొందరికి మాత్రం క్లోమంలో ఇన్సులిన్ తయారవడం బాగా తగ్గిపోతుంది, వాళ్లకు బయటినుంచి ఇవ్వక తప్పదు. ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారే కాని టైప్ 1 షుగర్ పిల్లలకైతే మొదటి రోజునుంచీ అదే ప్రాణం. 1922 జనవరిలో టొరంటోలో ఒక పద్నాలుగేళ్ల అబ్బాయికి మొదటిసారి ఈ సూది వేశారు, అంతకుముందు అలాంటి పిల్లల్ని కడుపు మాడ్చి కొన్నాళ్లు నెట్టుకురావడమే వైద్యం.

షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్ మాత్ర కిడ్నీలు పాడుచేస్తుందా అని కూడా అడుగుతారు. పాడుచేయదు. అదుపులో లేని షుగర్, బీపీ పాడుచేస్తాయి. కిడ్నీలు బాగా దెబ్బతిన్నాక ఆ మాత్ర ఆపేస్తాం కాబట్టి నింద దానిమీద పడింది.

సూది ఎక్కడ వేసుకోవాలని మాత్రం ఎవరూ అడగరు. ఒక పెద్దావిడకి రెండుసార్లు డోసు పెంచాను, అయినా హెచ్‌బీఏ1సీ, అంటే రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష, దిగలేదు. మూడోసారి వచ్చినప్పుడు పొట్ట చూపించమన్నాను. బొడ్డు పక్కన నిమ్మకాయంత గడ్డ, మెత్తగా, పైన చుక్కలు చుక్కలుగా సూది గుర్తులు. "అక్కడైతే నొప్పి తెలీదు బాబూ, అందుకే అక్కడే పొడుచుకుంటా" అంది. ఒకేచోట పొడిచి పొడిచి చర్మం కింద కొవ్వు గడ్డకట్టింది, అక్కడ వేసిన మందు ఒంటికి సరిగ్గా పట్టదు. మొదటి రోజే ఆ పొట్ట తాకి చూడాల్సింది నేను, చూడలేదు, ఇప్పటికీ బాధగానే ఉంటుంది. చోటు మార్చమన్నాను, కొత్తచోట మందు గట్టిగా పనిచేసి షుగర్ పడిపోవచ్చు కాబట్టి డోసు తగ్గించాను. చెమటలు, వణుకు వస్తే ఆలోచించకుండా మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలుపుకుని తాగమన్నాను.

సిరంజి కూడా చూసుకోండి, దయచేసి. మిల్లీలీటరుకి 40 యూనిట్లుండే సీసాకి ఎర్రమూత సిరంజి, 100 యూనిట్లుండే సీసాకి ఆరెంజ్ మూత సిరంజి. 100 సీసాలోని మందు ఎర్రమూత సిరంజితో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 50 యూనిట్లు, అది ప్రాణం మీదికి తెస్తుంది.

ఆ పెద్దావిడ నెల తర్వాత వచ్చింది. మనవరాలు క్యాలెండర్ మీద రోజుకో చోటు రాసిపెట్టిందట, సోమవారం కుడి తొడ, మంగళవారం ఎడమ తొడ అని. ఆ కాగితం చించి తెచ్చి నా బల్లమీద పరిచి, నేను అడక్కముందే గడ్డ ఎంత తగ్గిందో చూడమంది.