తాళం ఎక్కడ వదలాలి

విజయనగరం, మంగళవారం

పొద్దుటి నుంచి ఒకటే ప్యాచ్, అంటే ఎవరో పరిశీలనకు పంపిన కోడ్ సవరణ. లినక్స్ గ్రాఫిక్స్ డ్రైవర్‌లో డిస్‌ప్లే విద్యుత్తు ఆదా చేసే భాగానికి లాకింగ్ మార్పులు. మొత్తం ఒక్క తెరలో పట్టేస్తుంది, చదవడానికి మాత్రం మధ్యాహ్నం దాటింది. టీ తెచ్చిన అమ్మ "ఇందాకటి పేజీయే కదా, కరెంటు దండగ" అంది. నేను చదువుతున్నదే ఆ దండగ గురించి అని చెప్పబోయేలోగా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మామూలుగా బొమ్మ మారినా మారకపోయినా సెకనుకు 60 సార్లు ప్యానెల్‌కు పంపుతూనే ఉండాలి. ప్యానెల్ సెల్ఫ్ రిఫ్రెష్ ఉంటే, కదలని ఫ్రేమును ప్యానెల్ తన మెమొరీలోంచే చూపుకుంటుంది, లింకు నిద్రపోతుంది. ఏదైనా గీస్తే డ్రైవర్ దాన్ని లేపుతుంది. గీయడం ఆగాక మళ్ళీ నిద్రపుచ్చే పని వర్క్ క్యూలో, అంటే కాసేపాగి చేసే పనుల జాబితాలో పడుతుంది. ల్యాప్‌టాప్ మూత మూస్తే మొత్తంగా ఆపే దారి వేరు. అందరూ ముట్టుకునేది అవే బిట్లు, కాబట్టి మ్యూటెక్స్: ఒకసారికి ఒకరి చేతికే దొరికే తాళం.

ఈ ప్యాచ్‌లో, ఆపే ఫంక్షన్ మ్యూటెక్స్‌ను వదిలే కోడ్ లైనును అట్టడుగుకు జరిపారు. చూపుకు ఎంత ముచ్చటగా ఉందో! కానీ మధ్యలో క్యాన్సిల్ వర్క్ సింక్ ఉంది, క్యూలోని ఆ నిద్రపుచ్చే పనిని రద్దు చేసే పిలుపు. నడుస్తున్న పని పూర్తయ్యేదాకా అది కదలదు. ఆ పనేమో మొదలవుతూనే ఇదే మ్యూటెక్స్ అడుగుతుంది. సాయంత్రం గంటస్తంభం దగ్గర ఎదురెదురుగా ఇరుక్కున్న ఆటోల్లా రెండూ అలాగే నిలబడిపోతాయి.

"రోజంతా నడిపాం, ఎక్కడా ఆగలేదు" అని రాశారు పంపినవారు. ఆగదు మరి! సరిగ్గా ఆ పని మొదలైన క్షణానే మూత పడాలి. ఇలాంటి చోట రోజంతా నడపడం నాకు రుజువు కాదు. 2006 నుంచి లినక్స్‌లో లాక్‌డెప్ అనే తాళాల తనిఖీ ఉన్నదే ఇందుకు: నిజంగా ఇరుక్కోనక్కర్లేదు, ఒకదాని కోసం ఒకటి ఆగే ఆ రెండు వరసలూ వేర్వేరు వేళల్లో కంటపడితే చాలు. దాన్ని ఆన్ చేసి, మూత మూసి తెరిచాను. లాగ్‌లో సర్క్యులర్ లాకింగ్ హెచ్చరిక పడింది.

పాత వరసే సరైనది. ముందుగా వదిలేస్తే ఆ సందులో పని దూరుతుందన్న వారి భయం న్యాయమే, కానీ ఆ పని మ్యూటెక్స్ అందగానే "ఇంకా ఆన్‌లోనే ఉందా" అని చూసుకుంటుంది, లేదంటే ఏమీ ముట్టకుండా వెనుదిరుగుతుంది. మిగతా మార్పులన్నీ బాగున్నాయి, ఒప్పుకున్నాను. ఆ ఒక్క లైనును పాత చోటికే పెట్టి, పైన ఎందుకో రెండు మాటల వ్యాఖ్య రాయమన్నాను. లేకపోతే వచ్చే ఏడాది ఇంకెవరో వచ్చి దీన్ని మళ్ళీ "శుభ్రం" చేస్తారు.