రాయపురంలో పది గంటలు

మా మామ ఫోన్ ఎత్తడం మానేసి ఆరు రోజులైంది. 2016 జూన్ 4, శనివారం పొద్దున పది గంటల వేళ బాక్సర్ మహమ్మద్ అలీ పోయాడని టీవీలో చెప్పారట. అప్పట్నుంచి ఆయన అన్నం తింటున్నాడు, స్నానం చేస్తున్నాడు, సాయంత్రం కాగానే చొక్కా తొడుక్కుని ఎటో పోతున్నాడు. మాట మాత్రం లేదు. "ఎవురో అమెరికాలో పోతే ఈయనకేంది నాయనా? మా నాయన పోయినప్పుడు కూడా ఇట్ట లేడు" అని అత్త ఫోన్లో వాపోయింది. అసలు బాధ ఆ రెండో మాటలో ఉందని నాకర్థమైంది. మా అమ్మ విని, "వాడు చిన్నప్పట్నుంచీ అంతే. పోయి చూసిరా" అంది. శుక్రవారం సెలవు పెట్టి నెల్లూరులో పినాకిని ఎక్కాను.

ప్రయాణం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. గూడూరులో సీటు దొరికింది. తడ దాటాక స్టేషన్ బోర్డుల మీద అక్షరాలు మారాయి. పల్లీలమ్మే మనిషి తెలుగు మాత్రం మారలేదు.

చెన్నై సెంట్రల్లో దిగి తిన్నగా తండయార్‌పేట బస్సెక్కాల్సింది. ఎక్కలేదు. మెట్రో తవ్వకాల చుట్టూ పాతిన రేకుల పక్కన, రిప్పన్ బిల్డింగ్ మీదుగా నడుచుకుంటూ నెహ్రూ స్టేడియం గేటు దాకా పోయాను. చిన్నప్పుడు వేసవి సెలవులకు వెళ్తే మామ రోజూ రాత్రి చెప్పిన కథ జరిగిన చోటు ఇదే. 1980 మొదట్లో అలీ మద్రాసు వచ్చి ఇక్కడ రింగులోకి దిగాడు. ఎదురు నిలిచింది జిమ్మీ ఎల్లిస్. ఇద్దరిదీ లూయీవిల్ ఊరే, చిన్ననాటి నుంచీ స్నేహితులు. ఎల్లిస్ కూడా తక్కువవాడు కాదు, 1968 నుంచి 1970 దాకా హెవీవెయిట్ టైటిళ్లలో ఒకటి అతని చేతిలో ఉండింది. 1971లో హ్యూస్టన్‌లో ఇద్దరూ నిజంగా తలపడితే 12వ రౌండులో అలీ గెలిచాడు. మద్రాసులో జరిగింది మాత్రం ఉత్త ప్రదర్శన. ముఖ్యమంత్రి ఎంజీఆర్ కూడా వచ్చాడు. "సగం జనం ఆయన్ను చూడ్డానికే వచ్చినార్రా" అని మామ ఒప్పుకునేవాడు, కాస్త చిన్నబుచ్చుకుంటూ.

వాచ్‌మన్ నన్ను ఆపాడు. నా అరకొర తమిళంలో, బాక్సింగు, అలీ, ఎనభై అని ఏదో చెప్పాను. ఆయన జాలిపడి "ఇది ఫుట్‌బాల్ గ్రౌండు సార్" అన్నాడు. నిజమే. అలీ నిలబడ్డ స్టేడియం ఇది కాదు, 1993లో దీన్ని కొత్తగా కట్టారు. వెనక్కి వస్తుంటే ఇంకోటి గుర్తొచ్చింది. మామ ఇంట్లో గోడకున్న అలీ ఫోటో మూర్ మార్కెట్లో కొన్న పాత ఇంగ్లీషు పత్రికలోంచి కత్తిరించింది. ఆ మార్కెట్ 1985లో తగలబడింది. ఆ చోట ఇప్పుడు లోకల్ రైళ్ల స్టేషన్ ఉంది. ఇక ఆ ఫోటో మిగిలిన తీరు చూడాలి. 2015 డిసెంబరు వానలకు నాని, ముఖం అద్దానికి అంటుకుపోయింది. ఎర్ర గ్లౌజులు రెండూ మాత్రం చెక్కుచెదరలేదు.

మామ తలుపు తీసి, "ఎందుకొచ్చినావు? నేను బాగానే ఉండాలే" అన్నాడు. ఆరు రోజుల తర్వాత మా కుటుంబంలో ఎవరితోనైనా ఆయన అన్న మొదటి మాట. హార్బర్లో విన్చ్ డ్రైవరుగా పనిచేసి ఈ మధ్యనే రిటైరయ్యాడు. వంజరం చేప వేపుడు పెట్టింది అత్త. మే నెలాఖరుకు వేట నిషేధం ముగియడంతో కాసిమేడులో మళ్లీ మంచి చేపలు దిగుతున్నాయి. తిన్నాక ఇద్దరం గోడకు ఆనుకుని కూర్చున్నాం. సాయంత్రం తనే "పద" అన్నాడు.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. నాకు బాక్సింగ్ అంటే ఇష్టం లేదు. ఎదుటివాడి తలకు దెబ్బ తగిలితే చప్పట్లు కొట్టే ఆటను ఆట అనడానికి నోరు రాదు. పదేళ్లప్పుడు మామ నాకు గార్డు నేర్పబోయి ముక్కు పగలగొట్టాడు, అది కూడా కారణం కావచ్చు. కానీ ఈ ఉత్తర మద్రాసులో, రాయపురం నుంచి కాసిమేడు దాకా, గుద్దులాట వంశాల లెక్కన నడిచింది. సార్‌పట్టా, ఇడియప్ప నాయకర్ అని పరంబరైలు. మామది ఏ పరంబరై అని అడిగితే ఇప్పటికీ గొంతు తగ్గించి చెప్తాడు, వీధిలో ఎవరైనా వింటారేమోనని.

1856లో మొదలైన రాయపురం స్టేషన్ దాటి ఒక సందులోకి తిరిగాం. గోడ మీద పోస్టర్ కనపడింది. ఈ ఊళ్లో మనిషి పోతే రాత్రికి రాత్రి అతికించే 'కణ్ణీర్ అంజలి' పోస్టరే. ఊరి పెద్దలకూ కౌన్సిలర్ల తండ్రులకూ వేసేదాన్ని అలీకి వేశారు. కింద 74 ఏళ్లని ఉంది. పైన ఫోటో మాత్రం 22 ఏళ్ల కుర్రాడిది, 1964లో అప్పటి ఛాంపియన్ సోనీ లిస్టన్‌ను ఓడించిన వయసు, నోరు తెరిచి లోకం మీద అరుస్తున్నాడు. అడుగున నివాళి పలికే వాళ్ల పేర్ల వరసలో మా మామ పేరు. దాని పక్కన 'మాజీ బాక్సర్' అని. ఆయన సాయంత్రాలు ఎటు పోతున్నాడో అత్తకు చెప్పొచ్చు ఇక.

మేడ మీద రేకుల షెడ్డు. బ్యాగు ఒకటి వేలాడుతోంది, అతుకుల మీద అతుకులతో. అరవై డెబ్భై ఏళ్ల మనుషులు పదిమంది దాకా, స్కిప్పింగ్ తాళ్లు పట్టుకుని నలుగురు కుర్రాళ్లు. ఫోటో ముందు దీపం పెట్టాలా వద్దా అన్నది అప్పటికే తేలిపోయినట్టుంది. భాయ్ వద్దన్నాడట, మా వాళ్లలో ఫోటోకు దీపం పెట్టరు అని. అందుకని మల్లెపూలు చల్లి ఒక జత పాత గ్లౌజులు పెట్టారు. కొబ్బరికాయ ఎవరో తెచ్చారు గానీ అది మూలన సంచిలోనే ఉండిపోయింది. రంజాన్ మొదలై మూడు నాలుగు రోజులే. భాయ్ మసీదు నుంచి క్యాన్ నిండా నోంబు గంజి తెచ్చి, ఉపవాసం విడిచాక, అందరికీ స్టీలు గ్లాసుల్లో పోశాడు. అందరికంటే పెద్దాయన్ని అంతా వాద్యార్, అంటే గురువు, అంటున్నారు. ఆయనకు మాత్రం సగం గ్లాసే పోశాడు. ఎందుకో తర్వాత తెలిసింది. నిండా పోస్తే ఆయన చేతిలో నిలవదు.

మాటలు మొదలయ్యాయి. ఎనభైలో అలీ కాళ్లు ఆడించాడని ఒకాయన, అప్పటికే ఒళ్లొచ్చేసింది, నడిచాడంతే అని ఇంకొకాయన. ఎంజీఆర్ ఎక్కడ కూర్చున్నాడో దాని మీద ఇంకో తగువు. నా జేబులో ఫోన్ ఉంది, చూసి చెప్పొచ్చు. చెప్తే బాగుండదనిపించింది.

ఆఫ్రికాలో జరిగిన కిన్షాసా పోటీ సంగతి వచ్చేసరికి మామకు నోరొచ్చింది. 1974 అక్టోబరు 30. ఛాంపియన్ జార్జ్ ఫోర్‌మన్ అంటే ఎదురు నిలబడేవాడు లేడు, అలీ తాళ్లకు ఆనుకుని నిలబడి కొట్టించుకున్నాడు, ఎనిమిదో రౌండులో పడగొట్టాడు. ఇదందరికీ తెలిసిందే. మామ కుర్రాళ్లకు చెప్పిన తీరు వేరు. "గాలానికి పెద్ద చేప పడితే మీ నాయన లాగతాడా? లాగడు. తీగ వదలతాడు, ఈదనిస్తాడు. దానికి దమ్ము అయిపోయినాక చేత్తో తీస్తాడు." కుర్రాళ్లు తలలూపారు. వాళ్లంతా కాసిమేడు పిల్లలే.

మామకు అలీ అంత దగ్గరవాడు కావడానికి కారణం రింగు కాదని నా అనుమానం. 1967 ఏప్రిల్ 28న హ్యూస్టన్‌లో సైన్యంలోకి పేరు పిలిస్తే అలీ అడుగు ముందుకెయ్యలేదు. టైటిల్ పీకేశారు, మూడున్నరేళ్లు ఆడనివ్వలేదు. 1971 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు 8-0తో శిక్ష కొట్టేసింది గానీ, పోయిన వయసు ఎవరిస్తారు? యూనియన్లో ఉన్నన్నాళ్లూ మామ ఇదే చెప్పేవాడు. "అడుగెయ్యకపోవడం కూడా ఫుట్‌వర్కే రా."

ఎనిమిది దాటాక టీవీలో లూయీవిల్ కనపడింది. మనకు రాత్రి, వాళ్లకు పొద్దున. నల్ల కారు మెల్లగా పోతుంటే రోడ్డు పక్కన జనం పూలు విసురుతున్నారు, కారును చేత్తో తడుముతున్నారు, పక్కనే పరిగెడుతున్నారు. అతను పెరిగిన ఇంటి ముందునుంచి వెళ్తున్నప్పుడు అరుపులు ఎక్కువయ్యాయి. "అలీ, అలీ" అని. "ఏడవడం లేదు చూడు" అన్నాడు భాయ్. "మనూరు మాదిరే" అని ఎవరో అన్నారు. మనూళ్లో కూడా శవం ముందు డప్పు కొట్టి ఆడతారు కదా.

అప్పటిదాకా మాట్లాడని వాద్యార్ గొంతు సవరించుకున్నాడు. ఇంట్లో తెలుగు, రాసేది తమిళం ఆయన. "ఇక్కడికొచ్చినప్పటికి ఆయన మానేసినోడు. 79లోనే చాలన్నాడు. ఇక్కణ్ణించి పోయి ఆ ఏడే అక్టోబర్లో హోమ్స్‌తో ఎక్కినాడు." లాస్ వేగాస్‌లో లారీ హోమ్స్ చేతిలో అలీ 10 రౌండ్లు దెబ్బలు తిన్నాక, కోచ్ డండీ ఇక చాలని ఆపించిన మ్యాచ్ అది. "ఆ రోజు స్టేడియంలో మనం ఏమని అరిచినాం? ఇంకో రౌండు, ఇంకో రౌండు అనే కదా. ప్రతి ఊళ్లోనూ అదే అరిచుంటారు. విన్నాడు, పోయినాడు."

ఎవరూ మాట్లాడలేదు. 1984లో అలీకి పార్కిన్సన్స్ అని తేలింది. దానికి గుద్దులే కారణమా అన్నది డాక్టర్లు వాదించుకున్న విషయం. ఆ మాట అనబోయాను. వాద్యార్ చేతిలో సగం గ్లాసు గంజి అలలు అలలుగా ఊగుతుంటే చూసి నోరు మూసుకున్నాను.

"ఎల్లిస్ వచ్చుంటాడా సావుకి?" అన్నాడు మామ, టీవీ వైపే చూస్తూ. "వాళ్లూరే కదా."

ఇదొక్కటి మాత్రం చెప్పక తప్పలేదు. జిమ్మీ ఎల్లిస్ 2014లోనే పోయాడు. ఆఖరి ఏళ్లలో అతనికి జ్ఞాపకం పోయింది, దెబ్బల వల్ల వచ్చే మతిమరుపు. ఫోన్లో చూసి చదివాను. భాయ్ మళ్లీ చదవమన్నాడు. మళ్లీ చదివాను.

"రెండేళ్లయిందా?" అన్నాడు మామ. "మనం పోస్టర్ కూడా వెయ్యలేదే."

బాక్సర్ పోతే పదిసార్లు గంట కొట్టడం ఆ ఆటలో ఆనవాయితీ. షెడ్డులో గంట లేదు. రౌండు మొదలైందని చెప్పడానికి బడిలోలా వేలాడగట్టిన రైలు పట్టా ముక్క ఉంది. మామ ఇనపకడ్డీ తీసుకుని కొట్టాడు. అందరూ లేచి నిలబడ్డారు. కుర్రాళ్లు తమిళంలో లెక్కపెట్టారు, మామ తెలుగులో, భాయ్ పెదాలు మాత్రం కదిలాయి. పది కొట్టి కడ్డీ కింద పెట్టబోతుంటే వాద్యార్ చెయ్యి చాపాడు.

ఆయన ఎల్లిస్‌కు కొట్టాడు. కడ్డీ పట్టాకు తగిలిన ప్రతిసారీ చెయ్యి వణికి మళ్లీ తగిలేది. ఒక్కో దెబ్బ రెండుగా, మూడుగా మోగింది. లెక్క కుదరలేదు. ఎవరూ లెక్కపెట్టలేదు కూడా. ఆయన ఆపేదాకా నిలబడ్డాం. కింద సందులో ఎవరో స్కూటర్ ఆపి తలెత్తి చూశారు.

మర్నాడు సెంట్రల్‌కు మామ నాతో వచ్చాడు. అత్త ఎండబెట్టిన నెత్తళ్లు నాలుగు కవర్లలో చుట్టి ఇచ్చింది. అయినా కంపార్టుమెంటంతా నా వైపే చూసింది. రైలు కదిలే ముందు మామ కిటికీ దగ్గరికి వచ్చాడు.

"ఎల్లిస్‌ది ఫోటో ఉంటే పంపు. పోస్టర్‌కు" అన్నాడు. "కుర్రప్పటిది చూసి పంపు."