చిత్తూరు బస్సులో ఫైటింగ్ సినిమా

తిరుమల దర్శనం బాగానే జరిగింది. కింద తిరుపతిలో లాడ్జీ రేట్లు మాత్రం దారుణం. కిటికీ తెరుచుకోని గదికి అంత అడిగితే ఎలా? ఆ చిరాకులో రాత్రి ఒక కొత్త సినిమాకి వెళ్లాను. టికెట్టుతో పాటు పాప్‌కార్న్‌కీ జేబు ఖాళీ అయింది. హీరో చెయ్యి విసిరితే గుంపులు గుంపులుగా మనుషులు గాల్లోకి లేచారు. ఒక్కడికైనా నొప్పి పుట్టినట్టు అనిపించలేదు.

మర్నాడు కాణిపాకం బస్సు కిక్కిరిసి ఉంటే చిత్తూరు బస్సెక్కాను, అక్కడి నుంచి వెళ్లొచ్చులెమ్మని. పక్క సీట్లో అరవై దాటిన పెద్దావిడ. చంద్రగిరి దాటగానే ఫోన్ తీసి, సౌండు పూర్తిగా పెంచి, పాత బ్లాక్ అండ్ వైట్ ఫైటింగ్ సినిమా ఒకటి పెట్టింది. తగ్గించమందామని తల తిప్పినవాణ్ణి అలాగే ఉండిపోయాను.

అర్ధరాత్రి సీను, కానీ నేలమీద ఎండ నీడలు. గుద్దు పడ్డాక కాసేపటికి చప్పుడు. కార్ల ఛేజింగులో అదే కల్వర్టు మళ్లీ మళ్లీ వస్తోంది. ఇంతలో ఒక ఫైటరు మేడ మీంచి కిందికి దూకాడు. పడ్డాక లేవడానికి తడబడ్డాడు. ఆ తడబాటు నటన కాదు. రెండో టేకుకి ఫిల్ము ఖర్చు ఎందుకని దాన్నే ఉంచేసి ఉంటారు. రాత్రి చూసిన సినిమా మొత్తంలో కలగని భయం ఆ ఒక్క గెంతుకి కలిగింది.

"అన్నీ తప్పులే కదమ్మా, ఎట్లా చూస్తున్నారు?" అనడిగాను.

"మా ఊరి భారతంలో దుర్యోధనుడు మట్టిబొమ్మే కదా నాయనా! అయినా భీముడు గద ఎత్తితే ఒళ్లు జలదరిస్తాది" అంది.

ఇటువైపు ధర్మరాజుల గుళ్లలో భారతం ఉత్సవాలప్పుడు పగలు హరికథ, రాత్రి వీధినాటకం జరుగుతాయి. మైదానంలో పడుకోబెట్టిన దుర్యోధనుడు మట్టివాడే. కానీ తపస్సు ఘట్టానికి నాటిన ఎత్తైన తపసు మాను ఎక్కే అర్జునుడు నిజంగా ఎక్కుతాడు, కింద జనం నిజంగా బిక్కుబిక్కుమంటూ చూస్తారు. చవక సినిమాలోనూ అంతే, గోడ అట్టది, దూకినవాడు నిజం.

ఆవిడ చిన్నప్పుడు పాకాల దగ్గర టూరింగ్ టాకీసులో 'రౌడీ రాణి' చూసిందట. "అప్పుడు మేము గట్టిగా నవ్వేదానికే భయపడతా ఉంటిమి. ఆ యమ్మ మగోళ్లను కొడతా ఉంటే నేల క్లాసులో ఆడోళ్లంతా ఈలలే" అని గొంతు పెంచి మరీ చెప్పింది. ముందు సీటువాళ్లు వెనక్కి తిరిగి చూశారు.

1970లో వచ్చిన సినిమా అది. తీసిన కె.ఎస్.ఆర్. దాస్‌ది ఇక్కడికి దగ్గరే, వెంకటగిరి. ఆయనే మరుసటి ఏడు కృష్ణతో 'మోసగాళ్లకు మోసగాడు' తీశాడు. 'రౌడీ రాణి' హీరోయిన్ విజయలలితకి పెద్ద సినిమాలు ఎక్కువగా డాన్సులే ఇచ్చాయి. పిస్తోలు ఇచ్చి, పగ తీర్చుకునే కథ మొత్తం ఆమె భుజాల మీద పెట్టింది దాస్. ఖర్చు తక్కువైతే ధైర్యం ఎక్కువగా చేయొచ్చని నా నమ్మకం. పోతే పోయేది కొంచెమే కాబట్టి, ఎవరూ ఇవ్వని వేషం ఎవరూ అవకాశమివ్వని మనిషికి ఇవ్వగలరు. ఆమె అక్క కూతురు విజయశాంతి 1990లో 'కర్తవ్యం'లో పోలీసు దుస్తుల్లో కనబడేసరికి దేశమంతా మెచ్చుకుంది. దానికి ఇరవై ఏళ్ల ముందే నేల క్లాసు ఈల వేసింది. ఆ ఈలకి ఏ అవార్డూ రాలేదు. ఆ అన్యాయం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

చిత్తూరు వచ్చేసింది, క్లైమాక్స్ ఇంకా అవలేదు. కండక్టర్ దిగమని తొందరపెడితే ఇద్దరం టీ కొట్టు దగ్గర నిలబడ్డాం. ఆవిడ ఫోన్ని పాలడబ్బాకి ఆనించింది, కొట్టువాడూ గిన్నె వదిలేసి చేరాడు. కాణిపాకం బస్సు ఎదురుగానే కదిలింది. ఇంకోటి వస్తుందిలే అనుకుని ఇంకో టీ చెప్పాను. అప్పుడే విలన్ రైలు పట్టాల మీదికి పరిగెత్తాడు.