నాలుగో పేరు

ఫెలోషిప్ అప్లికేషన్ గడువు దగ్గర పడింది. పొద్దున్నే కణాలు పెంచే కల్చర్ రూమ్ పని జూనియర్‌కి అప్పజెప్పి కంప్యూటర్ ముందు కూర్చున్నా. ఫారంలో పబ్లికేషన్ల పట్టిక ఉంది: జర్నల్, ఏడాది, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (జర్నల్ పరపతికి వేసే అంకె), సైటేషన్లు (మన పేపర్‌ను ఎన్ని పేపర్లు ప్రస్తావించాయో), మీరు ఎన్నో రచయిత. చివర్న ఓ ఇరుకు గడి, ‘మీ పాత్ర’ అని.

ముందు పేరు దగ్గరే తకరారు. ఇంటిపేరు టెన్త్ సర్టిఫికెట్‌లో ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా. వైద్య పరిశోధన పేపర్ల జాబితా పబ్‌మెడ్‌లో వెతికితే నేను ఇద్దరిగా కనిపిస్తున్నా. ఒక పేపర్లో ఇంటిపేరుతో, ఇంకో దాంట్లో అసలు పేరే ఇంటిపేరై. తెలుగువాళ్ళం చాలామందిమి పడే తిప్పలే ఇవి. పరిశోధకులకు ఒక్కొక్కరికీ ఆర్కిడ్ అని 16 అంకెల నంబరు ఒకటి ఇస్తారు కాబట్టి సరిపోయింది.

పట్టికలో బాగా మెరిసేది రొమ్ము క్యాన్సర్ పేపర్. పెద్ద జర్నల్. అందులో నాది నాలుగో పేరు. మూడో బొమ్మలో ఫాస్ఫో-ఏకేటీ (ఫాస్ఫేట్ అంటుకున్న ఏకేటీ ప్రోటీన్) బ్లాట్లు నావే. బ్లాట్ అంటే ప్రోటీన్లను మెంబ్రేన్ అనే పల్చటి పొర మీదికి ఎక్కించి యాంటీబాడీతో పట్టి చూడటం, ప్రోటీన్ ఉన్నచోట బ్యాండ్ కనిపిస్తుంది. మొదట్లో మెంబ్రేన్ అంతా మసిపూసినట్టు వచ్చేది, బ్యాండ్ ఎక్కడుందో కనపడదు. యాంటీబాడీ ఎక్కడపడితే అక్కడ అంటుకోకుండా పొరను ముందు పాలపొడితో బ్లాక్ చేసేవాళ్ళం. పాలలో ఉండే కేసీన్ కూడా ఫాస్ఫేట్ అంటుకున్న ప్రోటీనే, యాంటీబాడీ కాస్తా వెళ్ళి దాన్నే పట్టుకుంటోందేమో అనిపించింది. పాలపొడి మానేసి బీఎస్‌ఏ (ఆవు రక్తంలోని ఒక ప్రోటీన్) వాడి, రాత్రంతా నాలుగు డిగ్రీల గదిలో ఊపుతూ ఉంచితే గీత గీసినట్టు బ్యాండ్ తేలింది. పేపర్లో ఇదంతా ‘మామూలు పద్ధతిలో వెస్టర్న్ బ్లాట్ చేశాం’ అన్న ఒక్క ముక్కలో అయిపోయింది.

ఇది నా ఒక్కదాని గోల కాదు. క్యాన్సర్ పరిశోధనలో పేరున్న 53 పేపర్ల నుంచి 193 ప్రయోగాలను మళ్ళీ చేసి చూద్దామని ఒక ప్రాజెక్టు పెట్టుకున్నారు. 2021లో ఫలితాలు వచ్చేసరికి పూర్తయినవి 23 పేపర్లలోని 50 ప్రయోగాలే. ఆ 193లో ఒక్కదానికి కూడా, పేపర్ చదివి మళ్ళీ చేయగలిగేంత వివరం లేదట. అసలు రచయితల్ని అడగాల్సిందే. అడిగితే చెప్పగలిగేది ఎవరు? బెంచి దగ్గర నిలబడ్డ నాలుగో పేరువాళ్ళో, ఐదో పేరువాళ్ళో. వాళ్ళేమో ఈపాటికి ఇంకో దేశంలో ఉంటారు.

మధ్యాహ్నం జూనియర్ వచ్చి స్క్రీన్‌లోకి తొంగి చూశాడు. “అక్కా, నాలుగో పేరుకి మార్కులేమైనా వేస్తారా?”

“వేసినా గుండుసున్నాకి కొంచెం పైన. అసలు పేరే లేనివాళ్ళ సంగతి తెలుసా నీకు?”

యల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి చెప్పా. 1925లో ఫిస్కె అనే శాస్త్రవేత్తతో కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి మీద రాసిన పేపర్లో ఆయన రెండో పేరు. బయోకెమిస్ట్రీ చదివినవాళ్ళందరికీ ఆ పద్ధతి తెలుసు, వీడూ ఎమ్మెస్సీ ల్యాబ్‌లో చేశాడట. మరి 1948లో బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్, లుకేమియా అనే రక్త క్యాన్సర్‌తో ఉన్న పిల్లలకు అమినోప్టెరిన్ అనే మందు ఇచ్చి రాసిన పేపర్ ఉంది. 16 మందికి ఇస్తే 10 మందికి మెరుగైంది, తాత్కాలికంగానే అనుకోండి. క్యాన్సర్ కీమోథెరపీకి అదొక మొదలు. ఆ మందు వచ్చింది లెడర్లీ అనే మందుల కంపెనీలో సుబ్బారావు గారు నడిపిన పరిశోధన విభాగం నుంచి. పేపర్ మీద ఐదుగురి పేర్లున్నాయి, ఆయనది లేదు. అదే ఏడాది ఆగస్టులో పోయారు. ఆయన మన ఫారం నింపితే పబ్లికేషన్ల పట్టికలో ఆ పేపర్ రాసుకోవడానికే ఉండదు.

“దారుణం కదక్కా” అన్నాడు. దారుణం అనను నేను. మందు తయారుచేసినవాళ్ళు ఒకరు, పిల్లలకిచ్చి చూసినవాళ్ళు ఇంకొకరు. కానీ రచయితల వరుస చూసి మనిషిని తూచే కమిటీకి ఈ తేడా ఎలా తెలుస్తుంది?

ఇంపాక్ట్ ఫ్యాక్టర్ గడిలో అంకెలు టకటకా కొట్టేశా, దాని మీద నాకు గౌరవం లేదు. సాయంత్రమంతా పట్టింది ‘మీ పాత్ర’కే. ‘ప్రయోగాల్లో సహకారం’ అని రాస్తే చాలన్నారు మా సర్. కొట్టేసి, మూడో బొమ్మ బ్లాట్లు, పాలపొడి బదులు బీఎస్‌ఏ, యాంటీబాడీ ఎంత పలచన, ఎన్ని గంటలు, అన్నీ కుక్కా. అక్షరాల లిమిట్ దాటితే విశేషణాలు తీసేశా. రేపు సర్ చూసి మార్చమంటారేమో, మార్చను.